మడికి ఓర్వని ఫ్యాను

ముఖ్యసేవికలుగా కొత్తగా చేరిన ఆడపిల్లలు ఈమధ్య మా ఇంటికొచ్చి, "మీ రోజుల్లో ఈ ఉద్యోగం ఎలా ఉండేదండీ?" అని అడుగుతున్నారు. ఏ సమితిలో ఎన్నాళ్ళు చేశాను, ఎప్పుడు జీతం పెరిగింది, ఎవరు బదిలీ చేయించారు అన్నవి నన్నడగకండి. అవి అందరికీ ఒకటే, ఎవరు చెప్పినా ఆవలింతలే. ఈ ఉద్యోగం అసలు ఎక్కడ జరుగుతుందో మాత్రం చెబుతాను. ఆఫీసులో జరగదు. పరాయివాళ్ళ వంటింటి గుమ్మంలో జరుగుతుంది. ఆ గుమ్మం దాటనిస్తే ఉద్యోగం చేసినట్టు, లేకపోతే జీతం తీసుకున్నట్టు.

గుమ్మం దగ్గర చదువు

అరవైల చివర్లో నన్ను రాజాం పంచాయతీ సమితిలో వేశారు. గృహవిజ్ఞానంలో డిగ్రీ పుచ్చుకుని వచ్చాను కాబట్టి లోకంలో ఉన్న వంటిళ్ళన్నీ నాకోసమే పొగచూరి కూచున్నాయని నా నమ్మకం. మా పని పొగలేని పొయ్యిలు కట్టించడం, పెరటి కూరలు వేయించడం, పిల్లల తల్లులకు పోషణ చెప్పడం. ఊళ్ళలో మమ్మల్ని సేవికమ్మ అనేవారు. "సేవికమ్మొచ్చింది, పొయ్యి దాసెయ్యండే" అని ఒక ఊళ్ళో ముసలమ్మ అరవడం నా చెవులతో విన్నాను. అరిస్తే అరిచింది. నేనూ ఊరుకోలేదు, ఆవిడతో గంటసేపు దెబ్బలాడి మజ్జిగ తాగి వచ్చాను.

కాలేజీలో మాకు గృహోపకరణాలని ఒక పాఠం ఉండేది. ఫ్యూజు వెయ్యడం, ఇస్త్రీపెట్టె విప్పడం, ఏ తీగ ఎటు పోతుందో చూడడం. పరీక్షకు తప్ప దేనికీ పనికిరాదని తోటిపిల్లలు నవ్వేవారు. అప్పటికి మా ఊళ్ళలో కరెంటు ఉన్న ఇళ్ళే తక్కువ. ఉన్నవాటిలో కూడా వరండాలో ఒక బల్బు, పడకగదిలో ఒక ఫ్యాను. వంటింటి దాకా కరెంటు వెళ్ళిన ఇల్లు రాజాంలో నాకు ఒక్కటే తగిలింది. దాని సంగతే చెప్పబోతున్నాను.

ఓడ దిగిన ఫ్యాను

బజారు వీధిలో ధాన్యం వ్యాపారం చేసే షావుకార్ల ఇల్లది. ఇంటి పెద్ద మహాలక్ష్మమ్మ గారు, భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు సత్తిబాబు, కోడలు వరాలు. వరాలుకి ఆయాసం. చలికాలం వచ్చిందంటే పొయ్యి ముందు కూచుని దగ్గలేక, ఊపిరి పీల్చలేక గోడకి చేరబడిపోయేది. ఆ పిల్లని చూసే సత్తిబాబు పొయ్యి మీదికి ఇనపరేకుతో పెద్ద గరాటులా పొగగూడు చేయించి, దాని పైభాగాన పెరటి గోడలోకి ఒక ఫ్యాను పెట్టించాడు. పొగంతా గూట్లోంచి పెరట్లోకి పోయేది. ఆ ఏడు వరాలు మొదటిసారి తెరిపిగా ఊపిరి తీసుకుందట.

ఆ ఫ్యానుకి నూనెపొగ పట్టీ పట్టీ ఒకనాడు తిరగడం మానేసింది. సత్తిబాబు విశాఖపట్నం వెళ్ళి, ఓడ సరుకు అమ్మేవాళ్ళ దగ్గర ఒక జర్మనీ ఫ్యాను కొనుక్కొచ్చాడు. దిట్టంగా, బరువుగా ఉండేది. ఇనపచట్రంతో సహా దాన్ని గూటికి బిగించారు. అక్కడినుంచీ మొదలైంది.

నేను పొగలేని పొయ్యి గురించి చెప్పడానికని వెళ్ళేసరికి ఇల్లు కురుక్షేత్రంలా ఉంది. మహాలక్ష్మమ్మ గారు తడిచీరతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. రోజూ తెల్లవారకుండా నూతి దగ్గర స్నానం చేసి, ఆ తడిబట్టతోనే పొద్దుటి వంట చేసేవారు. వంటయ్యేదాకా ఆవిడని ఎవరూ ముట్టుకోకూడదు, వంటింట్లోకి ఎవరూ రాకూడదు. మడి అంటే అది.

"ఒరే సత్తిబాబూ, ఈ దిక్కుమాలింది రేపు పొద్దున్నకి ఈ ఇంట్లో ఉండకూడదు. అదుంటే నానుండను. నా పొయ్యి నాను పెరట్లో ఏసుకుంటాను."

"అమ్మా, అది అందరికీ పని సేస్తన్నాది. నీకొక్కదానికే ఏటే?"

"నన్ను కొడతన్నాదిరా! నన్నొక్కదాన్నే! మడి కట్టుకున్నప్పుడే కొడతన్నాది. మైల బట్టతో ఎల్తే ఏటీ అనదు. దానికి మడంటే పడదు. మ్లేచ్ఛుడి ఫ్యాను!"

సత్తిబాబు నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మేడంగారూ, మా యమ్మకి మొదట్నుంచీ ఫ్యానంటే ఇష్టం లేదండి. నాను ఎళ్ళి సూసేను. పీట ఏసుకుని ఎక్కి, గూడంతా సెయ్యి పెట్టి రాసేను. ఏటీ నేదు. కోడలు సుకపడతన్నాదని కడుపుమంట, అంతే."

వరాలు గోడవారగా నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్ళు ఫ్యాను మీదే ఉన్నాయి. రేపు అది పోతే మళ్ళీ ఆ పొగే, ఆ గోడే.

ఈ ఉద్యోగంలో మీకు మొదటి రోజునుంచే అత్తాకోడళ్ళ తగువులు తగులుతాయి. ఎవరి పక్షం పట్టాలా అని చూస్తారు. పట్టకండి. ఇద్దరూ చెప్పేది నిజమే అయితే ఏమవుతుందో ఆలోచించండి. పెద్దావిడ మాట అందరికీ మూఢనమ్మకంలా వినిపించింది గాని, నాకు వినిపించింది వేరు. తడిబట్ట, తడికాళ్ళు, తడినేల ఉన్నప్పుడు కొడుతోంది. పొడిగా ఉన్నప్పుడు కొట్టడం లేదు. ఆవిడ కరెంటు పాఠం ఒప్పజెబుతున్నారు, ఆ సంగతి ఆవిడకీ తెలియదు, కొడుక్కీ తెలియదు. ఇక సత్తిబాబు పరీక్ష చేసింది ఎక్కడ నిలబడి? చెక్కపీట మీద. చెక్క మీద నిలబడి రంగు వేసిన రేకు తడిమి, తల్లి అబద్ధమాడుతోందని తేల్చిన మహానుభావుడు.

"ఎక్కడ పట్టుకుంటే కొడుతోందండీ?" అని అడిగాను పెద్దావిడని.

"గరిట తీస్తంటే."

తొంగిచూశాను. పొగగూటి అంచుకి కొక్కేలు తగిలించి, ఇత్తడి గరిటెలన్నీ వేలాడదీశారు. కొక్కేలు రాసుకుని రాసుకుని అక్కడ రంగు లేచిపోయింది, తెల్లగా ఇనుము కనిపిస్తోంది. వరాలు వండే పూట గరిటెలు బుట్టలో పెట్టుకునేది, గూడు జోలికే పోయేది కాదు. ఆ ఇంట్లో ఆ ఇనుముని తడిచేత్తో ముట్టుకునే మనిషి ఒక్కరే.

"ఫ్యాను మీట కట్టేసి ఉంచండి. ఇవాళ ఎవరూ ఆ గూటి దగ్గరికి వెళ్ళొద్దు," అన్నాను. "రేపు పీకించే మాటయితే రేపే పీకించండి. ఇవాళ నన్ను ఒక్కసారి చూడనివ్వండి."

పట్టుబట్ట

చూడాలంటే వంటింట్లోకి వెళ్ళాలి. అక్కడ మొదలైంది అసలు యుద్ధం.

"లోనికి ఒస్తావా? ఆ బట్టతోనా? ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చినావో! నూతి కాడికెళ్ళి తానం సేసి, తడిబట్ట కట్టుకుని రా."

"తడిబట్టతో కరెంటు ముట్టుకోమంటారా? నన్ను చంపి మడి నిలబెట్టుకుంటారా?"

"మరి నాను రోజూ ముట్టుకోడం నేదేటి?"

"అందుకే కదండీ రోజూ తన్నులు తింటున్నారు!"

వరాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దావిడ ఆ పిల్లని ఉరిమి చూసి, నన్నూ చూసి, "నోరు బాగా ఉన్నాది," అన్నారు.

"చదువు చెప్పించిన మా నాన్న కూడా అదే అంటాడు," అన్నాను.

నేను తిరిగి వెళ్ళిపోయేదాన్నే. నిజానికి కోపంతో రెండడుగులు వేశాను కూడా. అప్పుడు వరాలు మెల్లిగా, "అత్తయ్యా, పట్టుబట్టకి మైల నేదు కదా. తద్దినాలప్పుడు పొడి పట్టుబట్టే కదా కడతారు," అంది. ఆ పిల్ల ఆ ఇంట్లో అత్తగారికి సలహా ఇవ్వడం అదే మొదటిసారని తరవాత తెలిసింది.

పెద్దావిడ లోపలికెళ్ళి, తన పాత పట్టుచీర ఒకటి, మడికర్రతో దండెం మీదనుంచి తీసి నా ముందు పడేశారు. "తానం సేసి, ఒళ్ళు బాగా తుడుసుకుని ఇది కట్టుకో. గరిటెలు ముట్టుకోకు."

చూశారా? మడిని తీసిపారేస్తేగాని మనుషులు బాగుపడరని మాకు శిక్షణలో చెప్పేవారు. నేనూ నమ్మాను. ఆ రోజు నా ఒంటి మీద ఉన్న పొడి పట్టుబట్ట మడీనే, కాళ్ళకింద పెట్టుకున్న చెక్కపీట వంటింటి పీటే. కరెంటు పనికి ఆ ఇంట్లో అంతకన్న మంచి సరంజామా దొరకదు. అవతలివాళ్ళ ఆచారంలో మన పనికొచ్చేది ఏముందో ముందు వెతకండి. దెబ్బలాట తరవాత కూడా ఆడుకోవచ్చు.

పీట మీద నిలబడి, ఫ్యాను మీట వేయించి, నా సంచీలో ఉండే టెస్టరు ఆ లేచిన రంగు దగ్గర ఆనించాను. చెక్క మీద ఉన్నా టెస్టరులో దీపం మసగ్గా వెలిగింది. సత్తిబాబు గుమ్మంలోంచి చూస్తున్నాడు.

"అంటే ఏటండీ?"

"అంటే మీ అమ్మగారు ఇన్నాళ్ళూ బతికి ఉండడం నీ అదృష్టం. కరెంటు తీగ మీద ఆవిడ గరిటెలు ఆరేసుకుంటున్నారు."

అతను గబుక్కున తల్లివైపు చూశాడు. ఆవిడ అతనివైపు చూడలేదు. కూరగాయల బుట్ట ముందుకి లాక్కుని వంకాయలు తరగడం మొదలెట్టారు.

ఎరుపంటే కరెంటు

మెయిన్ ఆపించి, ఫ్యూజు పీకి, దాన్ని పట్టుచీర రొంటిన దోపుకున్నాను. ఇది రాసి పెట్టుకోండి. తీగ మీద చెయ్యి వేసినంతసేపు ఫ్యూజు మీ దగ్గరే ఉండాలి. మెయిన్ ఆపాను కదా అని వెళితే, ఏ చుట్టమో వచ్చి "దీపాలేవి?" అంటూ వేసేస్తాడు.

ఫ్యాను బిగించిన సింహాచలాన్ని పిలిపించాం. ఊళ్ళో మంచి పనివాడని పేరు. వచ్చీ రాగానే నా పట్టుచీర చూసి, ఏ పూజకి పిలిచారో అనుకున్నాడు.

"అమ్మగోరూ, నాను బిగించింది తిరగడం నేదేటి?"

"తిరుగుతోంది. అదే నీ గొప్ప. ఎలా కలిపావో చూపించు."

తీగలు కలిపిన ముడి పెరట్లో చూరు కింద చెక్కపెట్టెలో ఉంది. విప్పాడు. పాత ఫ్యానుకి రెండే తీగలు. కొత్తదానికి మూడు: ఎరుపు, నలుపు, బూడిద రంగు. ఇంటి తీగలు రెండే, ఎరుపు, నలుపు. భూమిలోకి పోయే ఎర్తు తీగ ఆ ఇంట్లో లేనే లేదు.

"ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి ఇచ్చినాను. తిరగలేదు. బూడిదది మిగిలింది కదా, దాన్ని కూడా ఎర్రదాంతో కలిపినాను. గిర్రున తిరిగింది. ఇంకేటి కావాల?"

"ఎర్రది ఎక్కడికి పోతోందో చూశావా?"

"ఎర్రదంటే కరెంటమ్మా! సిన్నపిల్లడికి కూడా తెలుసు!"

"ఆ ఫ్యాను చేసినవాడు నీ దగ్గర పని నేర్చుకోలేదు నాయనా."

పెరటివైపు నిచ్చెన వేయించి ఫ్యాను మూత విప్పించాను. నల్ల తీగ, బూడిద తీగ మోటారు చుట్టలోకి పోతున్నాయి. ఎర్ర తీగ మోటారు జోలికే పోలేదు. తిన్నగా వెళ్ళి ఇనపచట్రానికి మరతో బిగించి ఉంది. మనకి ఎరుపు కరెంటు. ఆ దేశంలో అప్పటికి ఎరుపే ఎర్తు. మనిషిని కాపాడడానికి వాళ్ళు పెట్టిన తీగకి మనవాడు కరెంటు ఇచ్చాడు. బూడిద తీగ కలిపేసరికి మోటారు తిరిగింది. చట్రానికి, దాన్నంటిన గూటికి, గూటికి వేలాడే గరిటెలకి కూడా కరెంటు పాకింది.

సింహాచలం ఆ మరని వేలితో తడిమి చూశాడు. "లోనికి రానిచ్చుంటే గూడు మీద టెస్టరెట్టి సూసుందును అమ్మగోరూ. ఆళ్ళు నన్ను పెరట్లోంచే సేసి ఎల్లిపోమన్నారు. తిరిగిందని లోపల్నించి కేకేసినారు. నానెల్లిపోయినాను."

తప్పు అతనిదే, మూత విప్పి చూడాల్సింది. కానీ సగం తప్పు ఆ గుమ్మానిది. పనివాణ్ణి పని జరిగే చోటికి రానివ్వకుండా పని బాగుండాలంటే ఎలా? ఆ మాట పెద్దావిడ వినేలా గట్టిగానే అన్నాను. వంటింట్లోంచి వంకాయలు తరిగే చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

బి.డి.ఓ. గారి గునపం

ఎర్తు లేని ఇంట్లో ఆ ఫ్యాను పెట్టకూడదు. గొయ్యి తవ్వాలి, పైపు కావాలి, ఉప్పు, బొగ్గులు కావాలి. మా బి.డి.ఓ. గారి దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పి, సమితి గునపం, పార అడిగాను. సమితి మొత్తానికి ఆయన పెద్ద. మంచివారు, కాని ఏ పని చెప్పినా ముందు కాదనకపోతే తన కుర్చీకి అవమానమని అనుకునేవారు.

"మనం పొయ్యిలు కడతామమ్మా. షావుకార్ల ఇళ్ళలో ఫ్యాన్లు బిగించం."

"పొయ్యి ఎందుకు కడుతున్నామండీ?"

"పొగ పోవడానికి."

"ఆ ఇంట్లో పొగ ఫ్యానుతో పోతోంది. దాన్ని ఉంచడం నా పని. రేపు పీకేస్తే ఆ పిల్ల మళ్ళీ గోడకి చేరబడుతుంది. పీకకుండా ఇలాగే వదిలేస్తే పెద్దావిడ పోతారు. రెంటిలో మీకేది ఇష్టమో చెప్పండి."

"నీతో మాట్లాడితే నాకే షాకు కొడుతుంది," అని విసుక్కుని, జవానుని పిలిచి గునపం ఇప్పించారు. సాయంత్రం నడకకని వచ్చినట్టు వచ్చి, గొయ్యి ఇంకా లోతు తవ్వాలని తనే సలహా కూడా ఇచ్చి వెళ్ళారు. పైవాళ్ళతో పని చేయించుకోవడం గురించి ఇంతకన్న చెప్పను. ముందు కాదననివ్వండి. ఆ తరవాత అడగండి.

పెరట్లో నేల చెమ్మ తగిలేదాకా తవ్వించాం. ఇనపపైపు దించి, చుట్టూ బొగ్గులు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, బిందెలతో నీళ్ళు పోసి, పైపు మూతి పైకి ఉంచి పూడ్చాం. దానినుంచి సింహాచలం కొత్త ఆకుపచ్చ తీగ లాగాడు. ఫ్యాను తీగల్లో నల్లదాన్ని ఇంటి ఎర్రదానికి, బూడిదదాన్ని ఇంటి నల్లదానికి, ఎర్రదాన్ని ఆకుపచ్చదానికి కలిపాడు. మళ్ళీ ఎవరైనా విప్పితే మోసపోకుండా ఆ ఎర్ర తీగ కొసకి ఆకుపచ్చ గుడ్డ చుట్టమన్నాను, చుట్టాడు. ముళ్ళన్నీ పింగాణీ బిళ్ళలో మరలతో బిగించాడు. మీట కరెంటు తీగ మీదే ఉందో లేదో చూసుకున్నాడు. గూటికి కూడా రంగు గీకి, విడిగా ఒక ఎర్తు తీగ వేశాడు. పొయ్యి వేడి తగలకుండా తీగలన్నిటినీ గోడపైకి ఎత్తి కట్టాడు. చివర్న ఒక బల్బుని కరెంటుకీ ఎర్తుకీ మధ్య కలిపి చూశాం. నిండుగా వెలిగింది. ఎర్తు సరిగ్గా ఉన్నట్టు లెక్క.

లోపలి పనంతా ఎలా జరిగిందో తెలుసా? పెద్దావిడ పట్టుపంచె ఒకటి ఇచ్చి సింహాచలాన్ని లోపలికి రమ్మన్నారు. అతను గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏటలా సూస్తావు? రా. పీట మీదెక్కి సెయ్యి. గరిటెలు ముట్టుకోకు."

నేను ఫ్యూజు పెట్టాను. ఫ్యాను తిరిగింది. గూటి మీద టెస్టరు పెడితే వెలగలేదు. "ఇప్పుడు ముట్టుకోండి," అన్నాను పెద్దావిడతో. ఆవిడ ముట్టుకోలేదు. "ముందు నువ్వు ముట్టుకో," అన్నారు. నేను పీట దిగి, తడినేల మీద ఉత్తికాళ్ళతో నిలబడి గూటి అంచు పట్టుకున్నాను. తరవాత సత్తిబాబు, అడక్కుండానే, తల్లి గరిటెలు తగిలించే చోటే చెయ్యి వేసి నిలబడ్డాడు. "నేదమ్మా. ఇప్పుడు నేదు," అన్నాడు. ఆవిడ అప్పుడు గరిట తీశారు.

ఫ్యాను తీయించే మాట మళ్ళీ రాలేదు. నాకు ధన్యవాదాలు కూడా రాలేదు. మడిచీర తిరిగి ఇవ్వబోతే, "నీ ఒంటి మీద ఎక్కింది కదా, ఇంకెవరు కడతారు? ఉంచుకో," అన్నారు.

వైశాఖంలో

తరవాతి ఎండాకాలం శ్రీముఖలింగం వైపు ఊళ్ళు తిరిగి వస్తూ వాళ్ళింటికి వెళ్ళాను. నాకు ఒక భయం ఉండేది. ఎండలకి నేల ఎండిపోతే ఎర్తు పనిచెయ్యదు. ఆ ఎర్తు గొట్టంలో నీళ్ళు పోస్తూ ఉండమని చెప్పాను గాని, చెప్పింది ఎవరు చేస్తారు? మా ఆఫీసులో ఎర్తు గొయ్యి మీద జవాను సైకిలు పెట్టుకునేవాడు, అక్కడ నేల పలకలా బీటలు వారింది.

ఆ ఇంటి పెరట్లో అడుగుపెట్టేసరికి గొట్టం చుట్టూ నేల తడిగా, నల్లగా ఉంది. చుట్టూ ముగ్గు వేసి ఉంది. మహాలక్ష్మమ్మ గారు స్నానం చేసి, తడిచీరతో, చెంబుడు నీళ్ళు తెచ్చి గొట్టంలో పోస్తున్నారు.

వరాలు నా చెవిలో గొణిగింది. ఆ పిల్ల ముఖం ఇప్పుడు నిండుగా ఉంది. "రోజూ ఆవిడే పోస్తాదండి. నాను పోస్తానంటే ఒప్పుకోదు."

"మామూలు నీళ్ళయినా పరవాలేదండీ," అన్నాను పెద్దావిడతో. "మడినీళ్ళే అక్కర్లేదు. వరాలు పోసినా ఒకటే."

"నీకేటి తెలుసు?" అన్నారు ఆవిడ తలెత్తకుండా. "ఇది ఆరితే ఫ్యాను కొడతాది. కొడితే నాను పీకించెస్తాను, నా గుణం నాకు తెలుసు. పీకించెస్తే ఈ కోడలు గుంటకి మళ్ళా ఆయాసం ఒస్తాది. అందుకే నా సేత్తోనే పోస్తన్నాను. ఇంకొకళ్ళ సేతిలో పెడితే మరిసిపోతారు."

వరాలు వినలేదనుకున్నారు. వరాలు వింది.

నేను వాదించడానికి నోరు తెరిచాను. ఈలోగా ఆవిడే చెంబు మళ్ళీ నింపి నావైపు చాపారు.

"ఒచ్చినావు కదా, నువ్వూ ఒక సెంబుడు పొయ్యి. ఆగు, ఆగు! ముందు కాళ్ళు కడుక్కో."